పళ్లెం బల్లమీద పెట్టిన రోజులు

మే 19, ఆదివారం. హాజరైనవారు: నేను, మా అమ్మాయి, అల్లుడు, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన వియ్యపురాలు. లేనివారు: మా ఆవిడ. ఈ చివరి మాట రాయనక్కర్లేదని పదకొండేళ్లుగా తెలుసు. అయినా జాబితాలో ఆవిడ చోటు ఆవిడకి ఉంచుతాను.

పొద్దున్న బ్లాక్‌టౌన్‌లో రైలెక్కి, సిటీలో దిగి బస్సు మారి, సముద్రం వైపున్న వాళ్ల ఫ్లాట్‌కి చేరేసరికి గంటా యాభై నిమిషాలు పట్టింది. సంచిలో మా పెరటి కరివేపాకు, అరటిపళ్లు, కోయని బొప్పాయికాయ. వండినదేదీ తీసుకెళ్లను. మా అమ్మాయి పెళ్లికి ముందు మూడేళ్లు చదువుకుని, పెద్దల ముందు నిలబడి యూదు మతం తీసుకుంది. వాళ్ల నియమాల ప్రకారం నా వంటింటి గిన్నె తగిలినది వాళ్లింట్లో పనికిరాదు. వాళ్లింట్లో, వాళ్ల గిన్నెల్లో నేను వండవచ్చు. పొయ్యి మాత్రం అమ్మాయి వెలిగించాలి. మొదట్లో మనసు కష్టపడ్డ మాట నిజం. తర్వాత, మడి కట్టుకున్న మా అమ్మ వంటింట్లోకి నేను మాత్రం చెప్పులతో వెళ్లానా అనుకుని సర్దుకున్నాను.

సంచి అడుగున, ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఒక పాత డైరీ కూడా ఉంది. దాన్ని అమ్మాయికి చూపించాలని బయల్దేరాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా అలవాటు గురించి చెప్పాలి.

ముప్పై ఒక్క ఏళ్లు ఒక మట్టి ఆనకట్ట మీద ఇంజనీరుగా పనిచేశాను. ఏ మట్టికట్ట అయినా కాస్త ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట నీళ్లని రోజూ కొలిచి, తేటగా ఉన్నాయో రంగు తిరిగాయో చూసి రాయాలి. ఒకరోజు అంకెకి అర్థం ఉండదు. నెల్లాళ్ల అంకెలు పక్కపక్కన పెడితే ఉంటుంది. ఆ ఉద్యోగం నా సొంత డైరీలోకి కూడా వచ్చేసింది. ఎవరింటికి వెళ్లినా ఎవరెవరున్నారు, ఏం తిన్నాం, ఎన్నింటికి బయల్దేరాం, అన్నీ రాస్తాను. అమ్మాయి ఇంటికి వెళ్లిన ఆదివారాల కింద మరొకటి కూడా రాస్తూ వచ్చాను: పళ్లెం చేతికి, లేదా పళ్లెం బల్లమీద.

కొన్ని రోజులు మా అమ్మాయి భర్తకి ఏదీ చేతికివ్వదు. పళ్లెం బల్లమీద పెడుతుంది, అతను తీసుకుంటాడు. ఉప్పు సీసా అయినా అంతే. ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటూనే ఉంటారు, వేళ్లు మాత్రం తగలవు. ఇది ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ దూరంగా కూర్చున్న రోజుల్లో మా నాన్న ఆమెకి మంచినీళ్ల చెంబు గడప మీద పెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు చెప్పాలా? మామూలుగా నెలలో రెండు ఆదివారాలు బల్లమీద, రెండు ఆదివారాలు చేతికి. ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి వరసగా అన్నీ బల్లమీదే. ఇది ఏడోది.

మా ఆవిడ కూడా ఈ దేశం వచ్చాక ఆ మూడు రోజులూ మానలేదు. పగలంతా పిల్లల బడిలో పనిచేసి, పదిమంది పిల్లల ముక్కులు తుడిచి, ఇంటికొచ్చి వెనక గదిలో చాపేసుకుని కూర్చునేది. "బడిలో లేని అంటు ఇంట్లో ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంటే, "బడిలో దేవుడి గది లేదుగా" అనేది. ఆ మూడు రోజులూ వంట నాది. డైరీలోనూ అదే రాసేవాణ్ణి: వంట నాది. బీరకాయ కూర, చారు. వంట నాది. పెసరపప్పు, వంకాయ వేపుడు. నిజం చెప్పాలంటే నాకు వంట సరదా. ఆ రోజుల కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఆవిడకి యాభై ఒకటో ఏట ఆ మాట నా డైరీలోంచి పోయింది. రెండేళ్ల తర్వాత, ఒక ఫిబ్రవరిలో, మళ్లీ వచ్చింది. "వయసు వేడి, మళ్లీ కనిపించింది" అంది ఆవిడ. నేను సంతోషంగా వంటింట్లోకి వెళ్లాను. ఆ నెల నాలుగు రోజులు వంట నాది. మార్చిలో తొమ్మిది రోజులు. మే నెలలో పధ్నాలుగు. ఆనకట్ట ఊటలో చిన్న తేడా వస్తే వెంటనే పైవాళ్లకి ఫోను చేసేవాణ్ణి, అలాంటిది ఎనిమిది నెలలు ఈ అంకెలు నా చేత్తో నేనే రాసి, ఏ కూరలు వండానో కూడా రాసి, వెనక్కి తిప్పి చూడలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి క్యాన్సర్ గర్భసంచి దాటి పాకిందన్నారు. పధ్నాలుగు నెలలు బతికింది. ఈ సంగతి, అంటే నా డైరీలో ఇదంతా ఉందన్న సంగతి, మా అమ్మాయికి నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ డైరీయే సంచిలో ఉన్నది.

తలుపు తీసింది వియ్యపురాలు. ఆవిడకి మా అమ్మాయి ఒకే ఒక్క తెలుగు మాట నేర్పింది. "అన్నయ్యగారూ!" అని గట్టిగా పిలిచి, తక్కినదంతా ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఆవిడ మాటల్ని డైరీలో నా తెలుగులోనే రాసుకుంటాను.

"రండి, మీ కరివేపాకుకి పరీక్ష సిద్ధంగా ఉంది" అంది.

ఆకులో పురుగు ఉంటే తినకూడదు కాబట్టి అమ్మాయి ప్రతి ఆకునూ దీపానికెదురుగా పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఈ పని నాకు ఇష్టం. ఇద్దరం చెరో కుర్చీలో కూర్చుని అరగంట ఆకులు చూశాం. ఏడు వారాల సంగతి ఎలా ఎత్తాలా అని నేను ఆకు ఆకుకీ ఒక వాక్యం తయారుచేసుకున్నాను. ఒక్కటీ తండ్రి నోటినుంచి రాదగ్గట్టు లేదు.

పప్పుచారుకి చింతపండు నానబెట్టాను. వడకట్టాలి. సొరుగులో రెండు జల్లెళ్లున్నాయి. ఒకటి పాల వంటలది, ఒకటి మాంసానిది, ఆ రెండూ కలవకూడదు. దేని పిడి నీలం, దేని పిడి ఎరుపు అన్నది నాకెప్పుడూ తికమకే. పోయినసారి తప్పు గరిటె వాడితే అమ్మాయి రబ్బీకి ఫోను చేయాల్సి వచ్చింది. రబ్బీ అంటే వాళ్ల మతపెద్ద, ధర్మసందేహాలు తీర్చేవాడు. మళ్లీ ఆ గొడవ దేనికని, గుడ్డ కోసం వెతికాను. బట్టలు ఉతికే మెషీన్ పైన అరలో కొత్త ప్యాకెట్ కనిపించింది. తెల్లటి మెత్తటి నూలు గుడ్డ ముక్కలు, అరచేతిలో సగం ఉన్నాయి. ఏ రంగూ లేదు, కాబట్టి ఏ వంటకైనా పనికొస్తుంది. ఇదీ నేను చేసిన ఆలోచన. ఒక ముక్క తీసి చిన్న గిన్నె మూతి మీద పరిచి, చింతపండు గుజ్జు పోశాను.

అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. చూసి అలాగే నిలబడిపోయింది.

"నాన్నా. అవి ఎక్కడివి?"

"ఆ పై అరలోవి. ఇంత చిన్నవి ఎందుకు కొన్నావే? వడకట్టడానికి కాస్త పెద్దవి తీసుకోవాలి."

వియ్యపురాలు లేచి వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. చూసి, కుర్చీ వెన్ను పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఈ రంగు చూపిస్తే రబ్బీ నలభై రోజులు ఉపవాసం ఉంటాడు!"

"మమ్, ప్లీజ్!" అంది అమ్మాయి. అన్నదే గానీ తనకీ నవ్వు ఆగలేదు. అల్లుడు మాత్రం ఎర్రబడ్డ మొహంతో చెత్త బయట పడేయడానికని వెళ్లిపోయాడు. ఆ బుట్టలో చెత్త లేదు.

నవ్వయ్యాక అమ్మాయి ఆకుల పళ్లెం ముందుకు లాక్కుని, నా వైపు చూడకుండా చెప్పింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. నెలసరి ఆగిందనుకున్న రోజున పొద్దుగుంకే లోపల అలాంటి గుడ్డతో లోపల పరీక్ష చేసుకోవాలి. శుభ్రంగా ఉంటే మర్నాటి నుంచి ఏడు రోజుల లెక్క. ఆ ఏడు రోజులూ ఉదయం ఒకసారి, సూర్యాస్తమయానికి ముందు ఒకసారి చూసుకోవాలి. ఏడూ శుభ్రంగా గడిస్తే ఆ సాయంత్రం చీకటి పడ్డాక వాళ్ల స్నానాల కొలనుకి వెళ్లి మూడు మునకలు. ఆ తర్వాతే భార్యాభర్తలు ఒకరినొకరు తాకడం. మధ్యలో రంగు కనిపిస్తే గుడ్డని కవర్లో పెట్టి రబ్బీకి పంపుతారు. పేరు అక్కర్లేదు, ఫోన్ నంబరు చాలు. ఆయన పగటి వెలుతురులో చూసి చెబుతాడు. చాలాసార్లు పరవాలేదనే అంటాడు. కాదంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి.

"నీకు పదమూడేళ్లప్పుడు" అన్నాను, "వెనక గదిలో కూర్చోనని మీ అమ్మతో యుద్ధం చేశావు."

"చేశాను. అమ్మ వెంటనే వదిలేసింది కూడా. కానీ నాన్నా, ఇది సేమ్ కాదు. అమ్మని ఎవరూ అడగలేదు. నేను అడిగి తెచ్చుకున్నాను. ఇట్స్ మైన్."

"నా అత్తగారు నన్ను అడగలేదు, నేను చేయనూ లేదు" అంది వియ్యపురాలు. "మా అమ్మ మానేసింది, నేను మానేశాను. ఇప్పుడు నా కోడలు బ్లాక్‌టౌన్ నుంచి వచ్చి మా అమ్మమ్మ పద్ధతులు నాకు నేర్పుతోంది. దేవుడికి హాస్యం ఎక్కువ, అన్నయ్యగారూ."

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ నేను నోరు జారాను.

"మరి ఏడు వారాలైందే" అన్నాను.

అమ్మాయి చేతిలో ఆకు ఆగింది. "ఏడు వారాలని నీకెవరు చెప్పారు?"

అబద్ధం చెప్పడం నాకు రాదు. పళ్లేల సంగతి చెప్పాను.

"నువ్వు మా ప్లేట్స్ రాసుకుంటున్నావా? లాగ్‌బుక్‌లో? నేను నీ డ్యామ్‌నా?"

"అది కాదమ్మా..."

"హౌ లాంగ్?"

"పెళ్లయినప్పట్నుంచి."

తను లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. నాకు చెప్పాల్సింది అప్పుడే చెప్పి ఉండాల్సింది. సంచి నా కాళ్ల దగ్గరే ఉంది. చెయ్యి పెట్టి కవరు తాకాను కూడా. కానీ పళ్లేలు రాసుకున్నందుకే ఆ మొహం అలా అయితే, వాళ్లమ్మవి రాసుకుని చూడలేదంటే ఏమవుతుంది?

అప్పుడు వియ్యపురాలే మాట తీసుకుంది. "పోనీలే, ఆయన రాసుకుంటే రాసుకున్నాడు. ఫ్రిజ్ మీద కాగితం సంగతి చెప్పు మీ నాన్నకి."

ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం కింద ఒక ఉత్తరం ఉంది. స్పెషలిస్టుకి చూపించమని డాక్టర్ ఇచ్చినది. రెండు వారాలనాటిది.

"రబ్బీయే వెళ్లమన్నాడు" అంది వియ్యపురాలు. "మూడో కవరు చూసి, అమ్మా, ఇది నాకు తేవాల్సిన ప్రశ్న కాదు, డాక్టర్‌కి తీసుకెళ్లాల్సినది అన్నాట్ట. ఈ పిల్ల వింటేగా!"

"వెళ్తానన్నాను కదా. ఈ లెక్క పూర్తవనీండి. ఇవాళ ఐదో రోజు. మార్నింగ్ క్లీన్‌గా ఉంది. ఐ యామ్ ఫైన్, నాన్నా. ఒక్కోసారి పరీక్ష గట్టిగా చేసుకున్నా గీసుకుని రంగు వస్తుంది. అందరికీ అవుతుంది."

"లెక్క పూర్తి కావాలనే కదా వెళ్లమంటున్నది!" అంది ఆవిడ.

భోజనం చేశాం. పప్పుచారు బాగానే కుదిరింది. చింతపండు రెండోసారి నానబెట్టి చేత్తో పిండాను. పళ్లెం బల్లమీద.

మే నెలలో ఇక్కడ పొద్దు త్వరగా గుంకుతుంది. ఆ రోజు సూర్యాస్తమయం నాలుగూ యాభై తొమ్మిదికి. నాలుగున్నర నుంచి అమ్మాయి రెండుసార్లు గడియారం చూసింది. నాలుగూ నలభైకి లేచి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. బాత్రూం తలుపు గడియ పడింది. వియ్యపురాలు టీవీ పెట్టి, వెంటనే ఆపేసింది. అల్లుడు తుడిచిన గ్లాసులే మళ్లీ తుడుస్తున్నాడు. ముగ్గురం ఒక తలుపు చప్పుడు కోసం చెవులు పెట్టుకుని కూర్చున్నాం. దాని వెనక ఏం జరుగుతున్నదో తెలుసుకోవడానికి నాకు ఏ అధికారమూ లేదు. అయినా నా ప్రాణమంతా అక్కడే ఉంది.

నాలుగూ నలభై తొమ్మిదికి బయటికి వచ్చింది. చేతిలో చిన్న తెల్ల కవరు. భర్త వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అంతే.

అల్లుడు రెండడుగులు ముందుకు వేశాడు. వేసి, ఆగాడు. అతని చేతులు కాస్త లేచి ఉన్నాయి. గ్లాసు తుడిచే తువ్వాలు ఇంకా ఒక చేతిలో ఉంది. తనని తాకకూడదు. అడుగున్నర దూరంలో నిలబడి, "ఇట్స్ ఓకే. ఇట్స్ ఓకే" అంటున్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. అతణ్ణి ఏడేళ్లుగా ఎరుగుదును. అంత నిస్సహాయంగా ఎప్పుడూ చూడలేదు.

నాకు ఏ నిషేధమూ లేదు. నేను తండ్రిని. లేచి వెళ్లి దగ్గరికి తీసుకోవచ్చు. కానీ తనకి పన్నెండో ఏడు వచ్చాక నేను తనని దగ్గరికి తీసుకున్నది రెండుసార్లు, వాళ్లమ్మ పోయిన రోజున, పెళ్లిరోజున. మా ఇళ్లలో అంతే. కుర్చీ చేతుల్ని పట్టుకుని సగం లేచాను. మోకాళ్ల మీద భారం వేసి అలాగే ఉండిపోయాను. చివరికి వియ్యపురాలే వెళ్లి కోడల్ని గుండెకి హత్తుకుంది. "నా బంగారం, నా బంగారం" అంటూ వీపు నిమిరింది. మేమిద్దరు మగవాళ్లం చూస్తూ ఉన్నాం.

ఐదున్నర బస్సుకి అమ్మాయి స్టాపు దాకా వచ్చింది. రావద్దన్నా వచ్చింది. చలిగాలి వేస్తోంది. కోపం ఉందో పోయిందో తెలియలేదు.

"నెక్స్ట్ సండే కూడా రాసుకుంటావా?" అంది.

"రాసుకోనమ్మా."

"అబద్ధం."

బస్సు దీపాలు మలుపు దగ్గర కనిపించాయి. ఇంకో నిమిషం ఉంది. సంచిలోని డైరీ తీయడానికి టైం లేదు. ఉన్నా తీసేవాణ్ణి కాదేమో. పొద్దున్న ఆకు ఆకుకీ తయారుచేసుకున్న వాక్యాలన్నీ పోయాయి.

"మీ అమ్మకీ ఇలాగే మొదలైంది" అన్నాను. "ఎనిమిది నెలలు. నా దగ్గర రాసి ఉంది. నేను చూడలేదు."

తను నా వైపు చూసింది. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది. డ్రైవరు నాకోసం మెట్టు కిందికి దించాడు. ఎక్కి కార్డు ఆనించి వెనక్కి తిరిగేసరికి తను అప్పటికే ఇంటి వైపు నడుస్తోంది. వెనక్కి చూడలేదు. బ్లాక్‌టౌన్ చేరాక కూడా నేను చేసింది మంచో చెడో నాకు తెలియలేదు. ఇంటికొచ్చి ఆ రోజు పేజీ తెరిచి, భోజనం ఏమిటో రాసి, పళ్లెం అన్న చోట ఏమీ రాయకుండా మూసేశాను.

మే 20, సోమవారం. ఉదయం ఎనిమిదీ ఇరవై ఐదుకి ఫోను మోగింది.

"నాన్నా, ఆ డైరీ తీయి."

గొంతు బొంగురుగా ఉంది. క్లినిక్ తెరవగానే ఫోను చేసిందట. మామూలుగా అయితే ఐదు వారాలు ఆగాలట, గురువారానికి ఎవరో రామన్నారట, ఆ చోటు ఇచ్చారట. నింపమని ఒక ఫారం పంపారు. అందులో తల్లి ఆరోగ్యం గురించి ఒక పేజీ ఉంది. మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది, ఎన్నాళ్లకొకసారి, ఎన్ని రోజులు.

"సుమారుగా రాస్తే చాలన్నారు. కానీ నీ దగ్గర ఎగ్జాక్ట్‌గా ఉంటుంది కదా."

ఉంది. డైరీ సంచిలోంచి తీశాను. కవరు విప్పాను. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను స్పీకర్‌లో పెట్టి, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ పుస్తకాన్ని పదకొండేళ్లలో చాలాసార్లు తెరిచాను గానీ గట్టిగా చదవడం ఇదే మొదటిసారి.

"ఫిబ్రవరి 11. వంట నాది. బీరకాయ కూర, చారు. ఫిబ్రవరి 12. వంట నాది. కందిపచ్చడి, పెరుగు..."

అవతల కలం గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మ నొప్పి అనేదా?"

"రాయలేదమ్మా."

"గుర్తుందా?"

ఆలోచించాను. ఆవిడ వెనక గది గుమ్మంలో నిలబడి పోపు మాడుతోందని చెప్పడం గుర్తుంది. కూరలో ఉప్పు తక్కువైందనడం గుర్తుంది. "లేదు" అన్నాను.

"ఓకే. తర్వాతది."

"మార్చి 3. వంట నాది. వంకాయ వేపుడు. మార్చి 4. వంట నాది. పెసరపప్పు, అప్పడాలు. మార్చి 5..."

"నాన్నా" అంది, మెల్లగా. "కూరలు చదవక్కర్లేదు. తేదీలు చాలు."

తేదీలే చదివాను.